వేడి ఇవ్వడమే తెలిసిన నేను

నేను కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌ని. అనంతపురంలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉంటాను. నా అరల్లో పెరిగేవి మనిషి క్యాన్సర్ కణాలు. వాటికి 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నిండుగా తేమ కావాలి.

వెచ్చబెట్టడం నాకు వచ్చు, చల్లబరచడం రాదు. గది నాకంటే అయిదారు డిగ్రీలు చల్లగా ఉంటేనే 37 దగ్గర నిలబడగలను. మే నెలలో ఇక్కడ ఎండ 40 దాటుతుంది, కాబట్టి ఏసీ ఆగకూడదు. ఒక వేసవిలో శనివారం రాత్రి అది ఆగిపోయింది. సోమవారం తలుపు తీసేసరికి ఫ్లాస్కు అడుగున అతుక్కుని ఉండాల్సిన కణాలు ఊడి మీడియాలో, అంటే వాటిని పెంచే పోషక ద్రవంలో, తేలుతున్నాయి.

"అన్నా, అన్నీ పోయినాయి" అంది పీహెచ్‌డీ అమ్మాయి.

"నైట్రోజన్ క్యాన్‌లో ఇంకో వయల్ ఉంది లేమ్మా" అన్నాడు సీనియర్. మైనస్ 196 డిగ్రీల్లో నిద్రపోయే ఆ కణాలే మా విత్తనాలు.

నీళ్ల సంగతీ అంతే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా అనుమానమే అయిన ఈ నేలలో గాలి ఎంత పొడిదో నాకు తెలుసు. తలుపు తీసిన ప్రతిసారీ నా తేమను లాగేసుకుంటుంది. కింది ట్రేలో డిస్టిల్డ్ వాటర్ తగ్గితే మీడియా ఆవిరై, ఉప్పు చిక్కబడి కణాలు ముడుచుకుపోతాయి. అందుకే ఆ అమ్మాయి వచ్చీ రాగానే ముందు ట్రే చూస్తుంది.

నా దగ్గర ఎక్కువగా ఉండేవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ నుంచి తీసినవి. ఆమెను ఎవరూ అడగలేదు. అదే ఏడు 31 ఏళ్లకే ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం రోజుకో రెట్టింపు చొప్పున ఇప్పటికీ పెరుగుతున్నాయి. ఫ్లాస్కు మీద "హీలా" అని రాసే ప్రతి చెయ్యీ ఆమె పూర్తి పేరు తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

ఆ కణాల మీద, కొత్తగా పరీక్షించే వాటితో పోల్చి చూడటానికి మెథోట్రెక్సేట్ వేస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. ఫోలిక్ యాసిడ్‌ దారికి అడ్డుపడి, కణం తన డీఎన్‌ఏకు రెండో ప్రతి తీసుకోకుండా ఆపుతుంది. ఆయన 1948లోనే కన్నుమూశారు. ఆమె కణాలు, ఆయన మందు ఒకే ప్లేటులో నా దగ్గరికి వస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మొన్నటి ప్లేటులో ఒక వరుసకు మెథోట్రెక్సేట్, ఇంకో వరుసకు కొండల్లో కోసుకొచ్చిన ఆకుల సారం వేశారు. ఆఖర్న ఎంటీటీ అనే పసుపుపచ్చని రంగు పోసి మళ్లీ నాకే అప్పగించారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. మందు వేసిన గుంటలు వెలవెలబోయాయి. ఆకుసారం వేసినవి, ఏమీ వేయని వాటిలాగే చిక్కటి ఊదారంగులో ఉన్నాయి. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు నోటుబుక్కులో ఎక్కించి, తన గైడ్‌తో "ఇంకోసారి పెట్టి చూస్తా మేడమ్. అదే వస్తే అదే రాస్తా" అంది.