పార్కుకు కొత్తగా వచ్చే తమ్ముళ్లకు

రిటైరయ్యారు, షుగరు వచ్చింది, డాక్టరు నడవమన్నాడు. మంచిది. పదకొండేళ్లుగా హైదరాబాదు పార్కుల్లో నడుస్తున్నవాణ్ణి, నాలుగు ముక్కలు చెబుతా, వినండి.

ముందు ఏ పార్కో తేల్చుకోవాలి. కేబీఆర్ పార్కు ఉంది. 1998లో జాతీయ ఉద్యానవనం చేశారు, 350 ఎకరాలు దాటిన అడవి, నెమళ్లు తిరుగుతాయి. కానీ టికెట్టు కొనాలి. పైగా అక్కడ నెమలి అరిస్తే ఫోన్లో ప్రవచనం సరిగా వినపడదు, స్పీకరు ఇంకా పెంచాల్సొస్తుంది. ఇందిరా పార్కులో గంధపు చెట్లున్నాయి. వాటి జోలికి పోకండి, మన స్థాయి పువ్వుల వరకే. అందుకే నా ఓటు ఎప్పుడూ మన కాలనీ పార్కుకే.

ఇంటికి అర కిలోమీటరే అయినా కార్లోనే రండి. నడక పార్కులో చేయాల్సిన పని, దాన్ని దారిలో ఖర్చు పెట్టుకోకూడదు. కారు గేటుకు అడ్డంగా పెడితే ఎక్కడ పెట్టామో మర్చిపోయే సమస్యే ఉండదు.

ట్రాక్ మీద నలుగురు పక్కపక్కనే నడవాలి. ఒకరి వెనక ఒకరు నడిస్తే శంకర్‌పల్లిలో గజం ఎంతుందో ఎలా మాట్లాడుకుంటాం? వెనక పరిగెత్తే కుర్రాడు "అంకుల్, కొంచెం" అంటే వినపడనట్టు ఉండండి. వాడికి ఓర్పు అలవాటవుతుంది. ఓపెన్ జిమ్ముకొస్తే, సైకిల్ మీద కూర్చుని వాట్సాప్ చూసుకోవడానికి అంత సుఖమైన సీటు ఇంకోటి లేదు. తొక్కక్కర్లేదు.

ఇక అసలు సంగతి, పూజకు పువ్వులు. తెల్లవారుజామున ఐదుంపావుకల్లా దిగాలి, ఆలస్యమైతే రెండో వీధి పెద్దమ్మగారు ఊడ్చేస్తారు. వంకీ గొడుగు, చప్పుడు చేయని కవరు తెచ్చుకోండి. కవరు గరగరమంటే వాచ్‌మన్ లేస్తాడు. గొడుగు వంకీ నందివర్ధనం కొమ్మకు తగిలించి మెల్లగా కిందికి లాగాలి. చిటుక్కుమంటే ఆగండి, రెండోసారి చిటుక్కుమంటే కొమ్మ చేతికొచ్చిందని అర్థం, అప్పుడు కూర్చుని తాపీగా కోసుకోవచ్చు. మందారమొగ్గల్నీ వదలకండి, చెంబులో నీళ్లలో వేస్తే విచ్చుకుంటాయి. పారిజాతాలు నేలరాలినవే దేవుడికి పెట్టాలంటారు. రాలేదాకా ఎవరాగుతారు? మొదలు పట్టుకుని రెండూపులూపితే రాలినట్టే లెక్క.

వాచ్‌మన్ వస్తే "దేవుడికయ్యా" అనండి. ఆ మాట విన్నాక కాదనే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు. "పువ్వులు కోయరాదు" బోర్డుందిగా అంటారేమో, నా కవరు తగిలించుకునేది దానికే.

ఒక్కటే ఇబ్బంది. ఈ మధ్య చేతికందే ఎత్తులో ఏ చెట్టుకూ పువ్వు ఉండటం లేదు, ఎందుకో మరి. వచ్చేటప్పుడు స్టూలు తెచ్చుకోండి. ఇనపదైతే మేలు, నాది ప్లాస్టిక్‌ది, మొన్న విరిగింది.