జపాను క్రియాపరిచ్ఛేదము

అరసికెరె యనగానే లోకులకు హాసన జిల్లాలోని రైలు జంక్షనే స్ఫురించును గాని, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, దాదాపు చుట్టును ఆంధ్రదేశము ఆవరించియుండగా, బడిలో కన్నడమును ఇంటిలో తెలుగును సంతలో ఆ రెంటిని కలిపి మఱియొక దానిని మాటలాడుకొనుచు, వేరుసెనగ చేలను మేఘముల దాక్షిణ్యమునకు వదలి కాలము గడపు మా అరసికెరె యొకటి కలదని యెఱిగినవారు మిక్కిలి యరుదు. అట్టి యూర, దీపములు వెలిగించు వేళ, మా తమ్ముని కూతురు అరుగుమీద కూర్చుండి "తబెరు, నొము, ఇకు, కురు" అని యెలుగెత్తి వల్లించుచుండగా, పావగడ శనైశ్చరస్వామికి ఎవరో క్రొత్త స్తోత్రము కట్టిరి కాబోలునని వీధిన పోవు ముదుసలులు కొందఱు చెప్పులు విడిచి నిలిచిరి. అవి తినుట, త్రాగుట, పోవుట, వచ్చుట యని తెలిసిన పిమ్మట చెప్పులు తొడిగికొని సాగిపోయిరి.

పిల్ల నర్సింగు చదివినది. జపానున వృద్ధులు పెరిగి, వారికి శుశ్రూష చేయు చేతులు తగ్గిపోగా, 2019లో ఆ దేశమువారు పరదేశపు పనివారికై యొక క్రొత్త వీసా కల్పించిరి. 2021 జనవరిలో ఆ విషయమై మన దేశముతో ఒడంబడికయు జరిగినది. ఆ త్రోవన పోగోరువారికి భాష రావలెను. వచ్చినదని రుజువును కావలెను. 1984లో పుట్టి, 2010లో ఐదు మెట్లుగా పునర్నిర్మితమైన జపాను భాషా ప్రావీణ్య పరీక్ష ఆ రుజువులలో ప్రసిద్ధమైనది. అందు అట్టడుగు మెట్టునకు ఎన్-5 అని పేరు. మొత్తము 180 మార్కులకు 80 రావలెను. అందును భాషాజ్ఞాన పఠనములలో 120కి 38, శ్రవణమున 60కి 19 తగ్గరాదు. విచిత్రమేమనగా, ఈ పరీక్షలో నోరు మెదపవలసిన పని లేదు, ఒక్క వాక్యమైన వ్రాయవలసిన పనియు లేదు. పెన్సిలు చేతబట్టి మౌనముగా గుండ్రములు నల్లబఱచి, మాటలాడ నేర్చితినని నిరూపించుకొనవలెను. ఏయే పదములు అడుగుదురో తెలుపు పట్టికను 2010 నుండి ప్రకటించుటయు మానిరి. కావున విద్యార్థి దొరికినదెల్ల చదువవలెను, లేదా పైన చెప్పిన స్వామిని నమ్ముకొనవలెను.

ఊరివారు మాత్రము దీనినంతను ఒక్క ప్రశ్నలో తేల్చివేసిరి: "ఏమప్పా, పెనుకొండ కాడ కియాలో పనికా?" కియా కొరియావారిదనియు, జపానువారి టయోటా బిడదిలో నున్నదనియు, తాను కార్లు చేయ పోవుటలేదనియు పిల్ల మొదట విన్నవించెడిది, క్రమముగా "ఊ" అని యూరకుండుట నేర్చుకొన్నది.

బెంగుళూరినుండి అంతర్జాలమున పాఠము చెప్పు గురువొకరు కుదిరిరి. పాఠము ఇంగ్లీషున. మొదటి దినముననే వారు, జపాను వాక్యమున కర్త ముందును, కర్మ నడుమను, క్రియ తుదను వచ్చుననియు, ఈ విపరీతక్రమమునకు విద్యార్థులు భయపడరాదనియు, కొన్ని మాసములలో అలవాటు కాగలదనియు మిక్కిలి దయతో ఓదార్చిరి. వినుచున్న నాకు నవ్వాగలేదు. "నేను అన్నము తిందును" అను వాక్యమును పుట్టినది మొదలు పలుకుచున్న పిల్ల, దానిని ముందు ఇంగ్లీషున తలక్రిందులు చేసి, పిదప ఆ తలక్రిందులైన దానిని జపానున మరల తిరుగవేసి నిలబెట్టవలెనట! మా తాలూకానుండి సొంత జిల్లా కేంద్రమైన తుమకూరునకు పోవు బస్సు నడుమ ఆంధ్రదేశమున దూరి మరల కర్ణాటకమున తేలును. దానికి భూగోళము కారణము. ఈ చదువునకు అట్టి నిర్బంధ మేమి వచ్చినది?

నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడను. బ్రతుకంతయు కన్నడము బోధించినను, మా తాతగారి పెట్టెలోని బాలవ్యాకరణమును వదలినవాడను కాను. 1858 నాటి ఆ చిన్నయసూరి గ్రంథమున క్రియాపరిచ్ఛేదమును తెఱచి పిల్ల యెదుట పెట్టితిని. ఇంగ్లీషు పుస్తకము 'తె-రూపము' అని పేరుపెట్టి, ముప్పది తావుల వాడుకలు చూపి, కంఠస్థము చేయుమని భయపెట్టిన వస్తువు మఱేమియు కాదు, మన క్త్వార్థకమే: తిని, పోయి, వ్రాసి. 'తబెతె మిరు' అన్న తిని చూచుట. వారికిని 'మిరు' అన్న కంటితో చూచుటయే, రుచి చూచుటయు దానితోడనే. 'కయితె ఒకు' అన్న వ్రాసి పెట్టుట. 'ఒకు' అన్న పెట్టుటయే. 'మొత్తె కురు' అన్న పట్టుకొని వచ్చుట. ఈ మూడింటిని ఇంగ్లీషువారు మూడు పుటలలో వివరింపగా, పిల్ల మూడు నిమిషములలో ముగించి కాఫీకి లేచినది.

క్త్వార్థకమును కల్పించు సూత్రములలో మాత్రము జపానువారు తమ పంతము కొంత నిలుపుకొనిరి. అంత్యాక్షరమును బట్టి గణములు మాఱును: 'నొము' అన్నది 'నొందె', 'కకు' అన్నది 'కయితె', 'కకు' వంటిదే యైన 'ఇకు' మాత్రము మొండికెత్తి 'ఇత్తె' యగును. 'ను' అంతమందు గల క్రియ నేటి వాడుకలో ఒక్కటే కలదు: 'షిను', అనగా చచ్చుట. ఆ గణమునకు ఉదాహరణము కావలెనన్నచో ఎవరో యొకరు చావక తప్పదు. పిల్ల "షిను, షినిమాసు, షిందె" యని వల్లించుచు అర్థమును పైకి చదువగా, మా అమ్మ వంటింటినుండి "ఏమ్మే, దీపాలు పెట్టే పొద్దులో ఆ సావు మాటేంది? తెల్లారినాక సదువుకో" అని యాజ్ఞాపించినది. నాటినుండి ఆ గణము మా యింట ఉదయకాలమునకు నియతమైనది.

ఆ కోపము చల్లారుటకును ఇంకొక క్రియయే తోడ్పడినది. జపానున ఇల్లు కదలు వారు పోవుచున్నానని యనరు. 'ఇత్తె కిమాసు' అందురు, అనగా పోయివత్తును. ఇంటనున్నవారు 'ఇత్తె రష్షయి' అందురు, అనగా పోయి రమ్ము. గడప దాటునపుడు "పోతా" అన్న పిల్లలను వెనుకకు పిలిచి "పోయొస్తా" అనిపించి పంపు మా అమ్మకు, సముద్రముల కావల ఒక జాతి యావత్తును ఈ మర్యాద పాటించుచున్నదని విన్నంతనే, మనుమరాలిని ఆ దేశమునకు పంపుట విషయమున నున్న సందేహములలో సగము తీఱిపోయినవి.

అన్నిటికంటె నాకు ముచ్చట గొల్పినవి తొడుగుటకు సంబంధించిన క్రియలు. ఇంగ్లీషున ఒక్క మాటతో టోపీనుండి చెప్పుల వఱకు సర్వాంగములును తొడుగబడును. జపానున చొక్కాకు 'కిరు', షరాయికిని పాదరక్షలకును 'హకు', తలకు పెట్టుదానికి 'కబురు', కండ్లద్దములకు 'కకెరు' అని యంగమున కొక క్రియ. "నన్ను నమ్ముడు, ఇది యావశ్యకమే" యని గురువుగారు క్షమాపణ చెప్పుకొనుచు బోధించిరి. చొక్కా తొడిగికొని, పంచె కట్టుకొని, తలపాగ చుట్టుకొని, అద్దములు పెట్టుకొని వీధికెక్కు జాతికి ఇందులో నాశ్చర్యమేమి? వాద్యములును అట్లే: తంత్రులున్నదానికి ఒక క్రియ, ఊదుదానికి ఒకటి, కొట్టుదానికి ఒకటి. స్నానమునకు 'అబిరు' అని యొక క్రియ కలదు. దాని యర్థమును నిఘంటువు రెండు పంక్తులలో తడుముకొనగా, మా సీమవారు "నీళ్ళు పోసుకొంటి" అను మాటతో ఎన్నడో చెప్పియుండిరి. ఇక 'సురు' అన్న చేయుట. ఏ పరభాషాపదమునకైనను దీనిని తోకగా తగిలించి క్రియ చేసికొనవచ్చును: కాపీ సురు, డ్రైవు సురు. ఫోను చేయుచు, ప్రాక్టీసు చేయుచు, ఊరి బస్టాండున "ఫోన్ మాడు" అనుచు బ్రతుకు మాకు దీనిని ఎవరును నేర్పవలసిన పని లేకపోయినది.

ఉనికిని తెల్పు క్రియలు రెండు: ప్రాణము లేనిదానికి 'అరు', ఉన్నదానికి 'ఇరు'. చెట్టు నిర్జీవుల పఙ్క్తిని, కుక్క మనుష్యుల పఙ్క్తిని కూర్చుండును. కన్నడమునను 'ఇరు' అన్న ఉండుటయే గదా! మా అమ్మ యిది విని, "ఇరు అంటే ఇరు అనే గదా, దానికి మళ్లా పరీచ్చేంటికి?" అని విస్తుపోయినది. పోలిక కాకతాళీయమని నేను శాస్త్రము చెప్పబోగా నన్నెవరును వినలేదు. పిల్ల మాత్రము బాలవ్యాకరణమును నావైపు త్రోసి, "పెద్దనాయనా, మీ సూరిగారు ఆడవాళ్ళకీ బండికీ ఒకటే క్రియ పెట్టినారు: ఆయమ్మ వచ్చింది, బండి వచ్చింది. జపానులో నేను మనిషినే" అన్నది. అమహత్తుల విషయమున చిన్నయసూరిని సమర్థించుటకు నావద్ద వాదములు లేకపోలేదు గాని, వినునది నర్సింగు చదివి సూదులు వేయుటయం దారితేఱిన పిల్ల యగుటచే విరమించితిని.

డిసెంబరు మొదటి ఆదివారమున బెంగుళూరున పరీక్ష జరిగినది. పిల్ల నెగ్గినది. ఇప్పుడు పై మెట్టైన ఎన్-4 చదువుచున్నది. కష్టము అచట మొదలైనది.

జపానున బాధార్థక కర్మణిప్రయోగమొకటి కలదు. ఎవరో ఏదో చేయగా మనకు చిక్కు కలిగినచో, ఆ క్రియ మనమీద పడినట్లు చెప్పుట. దానికి పుస్తకములన్నియు ఎన్నుకొను ఉదాహరణము 'అమె ని ఫురరెత', అనగా వానచేత కురియబడితిని. వాన పడి నాకు కష్టము కలిగినదని భావము. కరవు తాలూకాల జాబితా వెలువడినప్పుడెల్ల మఱవక చోటు సంపాదించుకొను పావగడ సీమలో, వాన పడినచో చుట్టములకు ఫోను చేసి చెప్పుకొను ఇంటిలో, ఈ వాక్యమును అరుగుమీద కూర్చుండి నూఱుమార్లు వల్లించుట యెట్లు? పిల్ల యర్థము చెప్పగానే మా అమ్మ చేట క్రింద పెట్టి, "వాన పడితే బాధేందే? వాళ్ళ సేన్లో సెనక్కాయ లేదా?" అని యడిగినది. ఆ వ్యాకర్తను శ్రావణమాసమున మా యూరికి పిలిపించి, ఎండిన వేరుసెనగచేని గట్టున నిలబెట్టి, సూత్రమును మరల చదివింపవలెనని నాకును తోచినది.

పిల్ల వాదమునకు దిగలేదు. పుస్తకమునందే తరువాతి ఉదాహరణమునకు పోయినది: దొంగచేత పర్సు అపహరింపబడితిని. దీనికి మా యింట నెవరును ఆక్షేపణ తెలుపలేదు.