కాన్వాయ్‌లో కనబడని కోపం

అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హారన్లు మాత్రం పాతవే. ఊళ్లో జంగ్లీఘాట్‌లో ఆ హారన్ మీంచి చెయ్యి తియ్యని పెద్దమనిషిని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చూడాలి. కారు వరసలో పెడతాడు, అడిగిన కాగితాలు చూపిస్తాడు, పోలీసుకి నమస్తే కూడా పెడతాడు. అక్కణ్ణించి మిడిల్ స్ట్రెయిట్ దాకా 50 కిలోమీటర్లకి కాస్త తక్కువ, జరావా ఆదివాసుల అడవి. పోలీసు కాపలాతో కాన్వాయ్. గంటకి 40 దాటకూడదు, ఓవర్‌టేక్ చెయ్యకూడదు, మధ్యలో ఆగకూడదు. మనవాడు ముందున్న లారీ వెనకాలే బుద్ధిగా పోతాడు. బీపీ పెరగదు, ఎవరి తల్లినీ చెల్లినీ తలుచుకోడు.

"కోపమొస్తే నాకు ఒళ్లు తెలీదండీ" అనేది ఈయనే. ఆ ఒంటికి చెక్‌పోస్టు ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు.

జరావాలని మన బారి నుంచి కాపాడటానికి పెట్టిన నిబంధనలవి. అవే ఊళ్లో గోల్‌ఘర్‌లోనూ పెడితే మనల్ని మన బారి నుంచి కాపాడొచ్చు.

కోపానికి ఎదుటి బండి ఖరీదు కూడా తెలుసు. డూబ్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పచ్చలైటు పడ్డాక కూడా కారు కదపకుండా నిలబెట్టి చూశారు. ఫలితం 1968లో అచ్చయింది. డొక్కు కారు అడ్డుంటే వెనకవాళ్లు వెంటనే హారన్ కొట్టారు, ఖరీదైన కారు అడ్డుంటే ఓపిక పట్టారు. మన దగ్గర ఈ పరిశోధనకి పైసా ఖర్చక్కర్లేదు. ముందున్నది టూరిస్టు అద్దె స్కూటీ అయితే బూతు, ఆఫీసరుగారి కారైతే పక్కకి తప్పుకోవడం.

ఇంతకీ తొందర ఎక్కడికి? దీవిలో ఎటు తిప్పినా సముద్రమే. ఫెర్రార్‌గంజ్ దగ్గర మూడు కార్లని ఒరుసుకుంటూ దాటినవాడూ, ఆ మూడు కార్లవాళ్లూ అదే కాన్వాయ్‌లో పడతారు, అదే జెట్టీలో ఫెర్రీ కోసం నిలబడతారు.

1988 డిసెంబరులో పటియాలాలో రోడ్డు మీద బండి దగ్గర గొడవ ముదిరి 65 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. గాయపరిచిన నేరానికి క్రికెటర్ సిద్ధూకి సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసింది, 2022 మేలో. రోడ్డు మీద నిమిషం కోపానికి కోర్టుల చుట్టూ 33 ఏళ్లు.

కోపంతో ఊగిపోయేవాడు మీ వెనక పడ్డాడా? దారిచ్చెయ్యండి. వాడి కళ్లలోకి చూడకండి, అద్దాలెత్తి తలుపులు లాక్ చేసుకోండి, ఎంత తిట్టినా దిగకండి. "నేనేమన్నా చేతకానివాణ్ణా" అని లోపల ఒకడు అరుస్తాడు. వాణ్ణి కూడా దిగనివ్వకండి. వెంటపడితే ఇంటికి మాత్రం పోవద్దు, అడ్రసు చూపించినట్టవుతుంది. బండి తిన్నగా అబర్డీన్ పోలీసు స్టేషనుకి పోనిచ్చి, పక్కన కూర్చున్నవాళ్ల చేత 112కి ఫోన్ చేయించండి.

ఇవేవీ అక్కర్లేని మందు ఒకటుంది గానీ అన్ని వేళలా దొరకదు. డెలానిపూర్ మలుపులో ఇద్దరు బండ్లడ్డంపెట్టి హిందీలో తిట్టుకుంటున్నారు. కోపం ముదిరి ఒకాయన నోట తెలుగు జారింది.

"మీదే ఊరు మావా?"

"సోంపేట."

"ఓర్నాయనో, మాది కవిటి! ఈ ఏడు జీడి ఎలా కాసిందట?"

ఉద్దానం జీడి మీంచి కొబ్బరికీ, కొబ్బరి మీంచి ఎవరిదో పెళ్లికీ మాటలు పాకాయి. వెనకాల బండ్లు బారు కట్టి హారన్లు మొదలెట్టాయి. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

"ఏటా తొందర? కొంపలేటి మునిగిపోనాయి?"