అన్నా, స్టాండు!

మూసాపేటలో పొద్దున తొమ్మిదింటికి బండి తీసేవాడు మొదట పెట్టుకునేది హెల్మెట్ కాదు, పాట. పాట కుదిరాకే హెల్మెట్. అది కూడా తలకాయ కోసమని మీరు అనుకుంటే మా పేటకి కొత్తన్నమాట. హెల్మెట్ అనేది ఫోన్ పెట్టుకునే అర. చెంపకీ లోపలి స్పాంజికీ మధ్య ఫోన్ ఒడుపుగా దోపితే, తల గోడకి కొట్టుకున్నా ఫోన్ జారదు. ఇది మనవాళ్లు బ్లూటూత్‌కి ముందే కనిపెట్టారు. పేటెంట్ తీసుకోలేదు, అంతే.

మా పక్క పోర్షన్ కుర్రాడు దీని గురించి చట్టం కూడా చదివాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడుపుతూ చేత్తో పట్టుకునే ఫోన్లు వాడటాన్ని 184వ సెక్షన్‌లో ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. "చేత్తో కదా అంకుల్ పట్టుకోవద్దంది? నేను తలతో పట్టుకున్నా" అంటాడు. పోలీసులు ఈ వాదన వినరు, ఫొటో తీసుకుంటారు. చలానా వస్తుంది. వాడు కట్టడు. ఎందుకు కడతాడు? 2022 మార్చిలో బైకుల పాత చలానాలకి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం. ఆషాఢంలో చీరలకి కూడా అంత తగ్గించరు. వచ్చే సేల్ కోసం వాడి చలానాలు జాడీలో మాగాయలా ఊరుతున్నాయి.

మెట్రో ఎక్కొచ్చుగా అంటారు. 2017 నవంబరులో మెట్రో మొదలైననాటి నుంచీ మాకు స్టేషనుంది, కాదనను. కానీ మూసాపేటలో ఎక్కి హైటెక్ సిటీలో దిగాలంటే, ముందు హైటెక్ సిటీకి వీపు పెట్టి అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి వెనక్కి రావాలి. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. అందుకే బండ్లు. 2022 జూన్‌లో కైతలాపూర్ బ్రిడ్జి తెరిచారు, దారి దగ్గరైంది. దగ్గరైందని అందరికీ తెలిసింది, మళ్లీ దూరమైంది.

ఇంత తీరిక చిక్కాక పాట లేకుండా ఎలా? దేశదేశాల్లో బైకు మీద తిరిగేవాళ్లు, వేగంగా పోతుంటే హెల్మెట్‌లో గాలి హోరెత్తి చెవులు పాడవుతాయని చెవుల్లో బిరడాలు పెట్టుకుంటారట. మాకా భయం లేదు. గాలి హోరెత్తాలంటే ముందు బండి కదలాలి.

మా ఆఫీసులో కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. బయటి చప్పుడు చంపేసే బడ్స్ కొన్నారు. అమెరికాలో బెంగాలీ తండ్రికి పుట్టిన అమర్ బోస్ అనే ఆయన, 1978లో విమానంలో పోతూ ఆ రొదలో పాట వినపడక విసిగి ఈ ఆలోచన చేశాడు. కిటుకు ఏమిటంటే, బయటి నుంచి ఒక శబ్దతరంగం వస్తే, సరిగ్గా దానికి తలకిందులుగా ఉండే తరంగాన్ని లోపల పుట్టిస్తారు. రెండూ కలిసి చస్తాయి. అత్తగారు ఒకటి అంటే కోడలు అదే క్షణంలో దానికి ఎదురు అన్నట్టు. ఆ ఇంట్లో మామగారికి దక్కే ప్రశాంతతే ఇది. బోస్ దాన్ని విమానంలో కూర్చున్న ప్రయాణికుడి కోసం అనుకున్నాడు. మనం ఆర్టీసీ బస్సుకీ వాటర్ ట్యాంకర్‌కీ మధ్య దూరినవాడి చెవిలో పెట్టాం.

పాట మధ్యలో ఆఫీసు కూడా వస్తుంది. స్టాండప్ మీటింగ్ అని పేరు, మావాళ్లు చేసేది సీటు మీద కూర్చుని. మొన్న ఒకతను మెట్రో స్తంభం నీడలో, క్లచ్ పట్టుకునే, "నా వైపు నుంచి బ్లాకర్స్ ఏమీ లేవు" అని చెప్పడం విన్నాను. ముందు ఒక డీసీఎం వ్యాను అడ్డంగా ఆగి ఉంది.

ఇక నా సంగతి. నేను ఈ కుర్రకారులాంటివాణ్ణి కాను, ఇళయరాజా మాత్రమే వింటాను. ఆ గర్వంతోనే పోయిన నెల టిఫిన్ బండి దగ్గర రెండు ఇడ్లీలు తిని, చెవుల్లో వైర్లు దూర్చి బయల్దేరాను. ఆ రోజు రోడ్డంతా ఎందుకో నా మీద ప్రేమగా ఉంది. ఒక ఆటో ఆయన తల బయటపెట్టి ఏదో అన్నాడు. నేను నవ్వాను. స్కూటీ వెనక కూర్చున్న పెద్దావిడ అరచెయ్యి కిందికి ఊపింది. నా వయసు చూసి నెమ్మదిగా పొమ్మంటోంది కాబోలని తల ఊపాను. నీళ్ల క్యాన్లు వేసుకుపోయే కుర్రాడైతే నా పక్కకి వచ్చి, ఎడమకాలు చాపి రెండుసార్లు విదిలించాడు. కాలు తిమ్మిరెక్కింది పాపం అనుకున్నాను.

కైతలాపూర్ వైపు ఎడమకి తిప్పాను. బండి వంగింది. దించి ఉన్న సైడ్ స్టాండు రోడ్డుకి తగిలి, కర్ర్ మని నిప్పులు రాలి, వెనక చక్రం ఒక్క ఎగురు ఎగిరింది. పడలేదు. పుణ్యం నాదో, ఇడ్లీలదో. చెవిలో వయొలిన్లు మాత్రం ఒక్క స్వరం తప్పలేదు.

అప్పుడు అర్థమైంది, ఈ వైర్లు ఆపేది ఏమిటో. హారన్‌ని ఆపలేవు. అది ఎలాంటి బడ్స్‌నైనా చీల్చుకుని వస్తుంది. వీడికి వినపడట్లేదని వాడు ఇంకా గట్టిగా కొడతాడు, వాడు కొడుతున్నాడని వీడు ఇంకా సౌండ్ పెంచుతాడు. హారన్లు అమ్మేవాడూ బడ్స్ అమ్మేవాడూ ఒకే ఇంటి అల్లుళ్లని నాకు గట్టి అనుమానం. ఆగిపోయేవి చిన్న గొంతులు. "అన్నా, స్టాండు!", "అమ్మా, చున్నీ!", "బాబూ, బ్యాగు జిప్పు!" ఎదురింటివాడి పేరు తెలియని ఈ ఊళ్లో, ముక్కూ మొహం తెలియనివాడు గొంతు చించుకుని చెప్పే మాటలు అవి. ఇప్పుడొచ్చే చాలా బండ్లలో స్టాండు దించి ఉంటే ఇంజిన్ స్టార్టే కాదు. కంపెనీలవాళ్లు మన చెవుల సంగతి పసిగట్టినట్టున్నారు. నాది పాత బండి. దానికి దిక్కు దారినపోయేవాళ్లే.

మర్నాటి నుంచి వైర్లు ఇంట్లోనే వదిలేశాను. చెవులు తెరిస్తే సమాజసేవ చెయ్యాలనిపిస్తుంది కదా. టిఫిన్ బండి దగ్గర బయల్దేరానో లేదో, ముందు ఒక స్కూటీ, ఆకుపచ్చ చున్నీ వెనక చక్రానికి జానెడు దూరంలో ఎగురుతోంది. "అమ్మా, చున్నీ!" అని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం. హారన్ కొట్టాను. ఆ అమ్మాయి పక్కకి జరిగి, పో పో అని చెయ్యి ఊపింది. పక్కకి వెళ్లి చేత్తో చూపించాను. మొహం ముడుచుకుని వేగం పెంచింది. ఈ వయసులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న భయం ఒకవైపు, చున్నీ ఒకవైపు.

సిగ్నల్ దగ్గర దొరికింది. వేలితో చక్రం వైపు చూపించాను. ఒక చెవిలోంచి బడ్ తీసి, వెనక్కి చూసి, గబగబా చున్నీ లాగి నడుముకి చుట్టుకుంది.

"థాంక్స్ అంకుల్" అంది. పచ్చలైటు పడింది. బడ్ మళ్లీ పెట్టుకోబోతూ నా బండి కిందికి చూసింది.

"అంకుల్, మీ స్టాండు."