ఇంటి నుంచి పని: సటీక, సతాత్పర్యం

అవతారిక: 2020 మార్చిలో దేశానికి తాళం పడగానే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నల్లగొండ, పాలమూరు ఊళ్లకు చేరారు. ఇంట్లో కూర్చుని కొలువు చేయడం లోకంలో తమతోనే మొదలైనట్టు వాళ్లు మాట్లాడుతుంటే, గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న పెద్దమనుషులకు నవ్వు రాకుండా ఉంటుందా? ఆ నవ్వుకిది పద్యరూపం. ఛందస్సు ఆటవెలది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే గనుక పొగడ్తకు కొదవ లేదు.

ఇల్లె మగ్గమైన యింటిలో పనిజేయు
వానికేల బస్సు, వారమేల?
పలుకరించి పోవు పదిమంది లేకున్న
బతుకగలుగువాడు భాగ్యశాలి.

టీక: ఇల్లె మగ్గమైన = నివాసమే కార్యాలయమైన; ఇంటిలో పనిజేయు వానికి = గడప దాటక కొలువు చేయువానికి; బస్సు ఏల = కిటికీ సీటు కోసం తువ్వాలు వేయుట ఎందుకు; వారము ఏల = సోమవారమన్న దిగులెందుకు; పలుకరించి పోవు పదిమంది = టీ బంకు మిత్రబృందము; లేకున్న = ఎదుట లేకపోయినను; బతుకగలుగువాడు = పిచ్చెత్తక నిలువగలవాడు; భాగ్యశాలి = అదృష్టవంతుడు (ఇచట అనుమానము కలదు, ముందు చూడుడు).

తాత్పర్యం: అదిలించేవాడు లేకున్నా పని ముగించే స్వభావం ఉన్నవాడికి ఇల్లే చాలు.

విశేషాలు: "ఇల్లె" అని, మళ్లీ "ఇంటిలో" అని అనడం పునరుక్తి దోషమని పండితులు ముక్కు విరుస్తారు. వారు పుట్టపాక, కొయ్యలగూడెం, పోచంపల్లి చూడలేదన్నమాట. అక్కడ మగ్గం ఇంట్లో ఒక సామాను కాదు. మగ్గానికి చోటు విడిచాక మిగిలిందే మనుషులకు. చిటికి కట్టి రంగులద్దిన పడుగు, పేక రెండూ పోగు పోగుకూ కలిస్తేనే పువ్వు పువ్వులా దిగుతుంది. కొంచెం జరిగితే అంచులు చెదురుతాయి. ఈ పనికి చూపు నిలవాలి, మాట తగ్గాలి, ఎండ ముదరకముందే కూర్చోవాలి, నడుం పట్టేస్తే లేచే స్వేచ్ఛ ఉండాలి. ఇంటి కొలువు ఎవరికి నప్పుతుందని అడిగేవాళ్లకు లక్షణం ఇక్కడే దొరుకుతుంది. 2005లో ఈ నేతకు పోచంపల్లి ఇక్కత్ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఓపికకు గుర్తింపు ఇచ్చే శాఖ ఇంకా పుట్టలేదు.

"బస్సు": కాలువలు తవ్వి, ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీకి ఈ ప్రశ్న వర్తించదు. మట్టిపని ఇంటికి రాదు. అతడే బొంబాయి బస్సెక్కాలి. కవి ఆ సంగతి మరిచాడు. వ్యాఖ్యాత మరువలేదు.

"పదిమంది": ముచ్చట లేనిదే ముద్ద దిగనివారు ఇంటి కొలువులో వాడిపోతారు. పైగా తలుపు మూసుకుంటే ముచ్చట తప్పుతుందిగానీ అమ్మ తప్పదు. మేనేజరు కాల్‌లో ఉండగానే, "ఇంట్లనే ఉన్నవు గద బిడ్డా, జర గిర్నీ కాడికి పోయి పిండి పట్టించుకరా" అంటుంది. ఎదురు చెప్పే వ్యాకరణం తెలుగులో లేదు.

"వారము": మూడు రోజులు ఇల్లు, రెండు రోజులు ఆఫీసు అనే పద్ధతి గద్వాల చీర వంటిది, ఒళ్లు నూలు, అంచు పట్టు. 2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఐటీ టవర్లు తెరిచారు గనుక ఆ అంచు ఇప్పుడు ఊరికి దగ్గరైంది.

"భాగ్యశాలి": అనుమానం ఇక్కడ. మగ్గం మీద కూర్చునేది ఒకరు. కండెలు చుట్టేది, ఆసు పోసేది, అంటే పోగును మేకుల చుట్టూ తిప్పేది, ఇంకొకరు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఒక్కో చీరకు వేలసార్లు చేయి చాపి ఆసు పోసేది, భుజం పట్టేసేది. ఆమె బాధ చూడలేక కొడుకు యంత్రం చేయబూనాడు. 1999లో అది పనిచేసింది. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. కనుక "ఇంటిలో పనిజేయు వాడు" అనే ఏకవచనం కవి పొరపాటు. బహువచనంగా దిద్ది చదువుకోవాలి. చాలా ఇళ్లలో మజూరి మాత్రం ఇప్పటికీ ఏకవచనంలోనే వస్తోంది.