తర్వాత ఏం చేస్తది?

హనుమకొండలో సాహిత్య సభలకు కొదవ లేదు. పుస్తకం ఆవిష్కరిస్తారు, శాలువాలు కప్పుతారు, చివర్లో "ప్రశ్నలేమన్నా ఉంటే అడగొచ్చు" అంటారు. అంతే, సభంతా తల వంచుకుని కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటుంది. ఒకాయన మాత్రం లేచి మైకు అందుకుంటాడు. "చిన్న ప్రశ్న" అని మొదలుపెట్టి, తన మొదటి కవిత అచ్చయిన నాటి నుంచి చెప్పుకొస్తాడు. ప్రశ్న ఎంతకీ రాదు. చాయ్ చల్లారిపోతుంది.

రాసేవాళ్ల సభే ఇట్లుంటే ఇక ఇళ్ల సంగతి చెప్పేదేముంది! మా మేనల్లుడు నోరు తెరిస్తే చాలు, మా అక్క "ఊకోరా, తల తింటున్నవ్" అంటుంది. మొన్న సెలవుల్లో ఆ తలనొప్పిని నాకు అప్పజెప్పింది. రామప్ప గుడికి తీసుకుపోయాను.

పాలంపేటలో ఆ గుడిని 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆదివారమైతే జాతరే. గైడు నీళ్లలో తేలే ఇటుకల గురించి చెప్పాడు. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక శిల్పాన్ని చూపించాడు. అందరం "అబ్బో" అన్నాం. "అబ్బో"లో ఒక సుఖముంది, అనేశాక ఇంకేమీ అడగనక్కర్లేదు. ఫొటో దిగి ముందుకు నడవొచ్చు.

మావాడు నడవలేదు. నాట్యమాడుతున్న ఒక బొమ్మ ముందు మెడ వెనక్కి వాల్చి నిలబడ్డాడు.

"మామా, ఈమె ఏం చేస్తుంది?"

"డాన్సు."

"కాలు ఎత్తింది గదా, తర్వాత ఏం చేస్తది?"

"తర్వాత దిగొచ్చి నిన్ను రెండు తంతది. నడువు."

నడిచాడు గానీ, ఆ ప్రశ్న నా వెంటపడింది. ఎందుకంటే అది వీడికి కొత్తగా పుట్టింది కాదు. ఈ రాళ్ల ముందే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణను పట్టుకున్న ప్రశ్న కూడా దాదాపు అదే. ఆయన 1923లో ఎక్కడో ఇండోనేషియాలోని బాలిలో పుట్టాడు. ఈ ప్రాంతంలో పుట్టిన మనం దండం పెట్టుకుని, పులిహోర తిని తిరుగు బస్సెక్కుతుంటే, ఆయన ఈ భంగిమల్ని పట్టుకు కూర్చున్నాడు. రాయి ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. దానికి ముందు అడుగేది? తర్వాతి అడుగేది? జవాబు వెతుక్కుంటూ జాయప సేనాని రాసిన 'నృత్తరత్నావళి' తిరగేశాడు. ఆ పుస్తకాన్నీ ఈ శిల్పాల్నీ పక్కపక్కన పెట్టుకుని, జనం మరిచిపోయిన పేరిణి నాట్యాన్ని మళ్లీ రంగస్థలం ఎక్కించాడు.

ఆ జాయప సంగతి ఇంకా తమాషా. కాకతీయ రాజు గణపతిదేవుడికి బావమరిది, ఏనుగుల దళానికి అధిపతి. (బావమరిదికి మంచి కొలువు దొరకడం అప్పుడూ ఉంది.) ఏనుగుల్ని మేపుకోక, 1253-54లో నాట్యం మీద సంస్కృతంలో ఎనిమిది అధ్యాయాల గ్రంథం రాశాడు. అందులో సగం జనం ఆడే దేశి నాట్యాలకే ఇచ్చాడు. శాస్త్రాలు ముందేసుకుని కూర్చుంటే దేశి నాట్యాలు తెలిసేవా? ఆడేవాళ్లను ఆపి, "ఆ అడుగు మళ్లీ వెయ్యమ్మా" అని అడిగి ఉంటాడని నా అనుమానం. సేనాని అడిగితే చెప్పనివాళ్లెవరుంటారు లెండి, వెనక ఏనుగు నిలబడి ఉంటే!

ప్రశ్న ఏం చేయగలదో నాకూ అనుభవమే. నేను రాసిన కథలు విని సభలో చప్పట్లు కొడతారు. మావాడికి ఒకటి వినిపిస్తే "ఆమె ఎందుకు ఏడ్చింది?" అన్నాడు. చివరి పేజీ చించి మళ్లీ రాయాల్సి వచ్చింది. చప్పట్లు ఏనాడూ నాతో ఆ పని చేయించలేదు.

తిరుగు ప్రయాణంలో ములుగు దగ్గర చాయ్‌కి ఆగి, వాడికి జాయప కథంతా చెప్పాను. బిస్కెట్ నములుతూ బుద్ధిగా విన్నాడు. ఇంకేముంటుంది అడగడానికి, అనుకున్నాను.

"మామా, మరి ఏనుగులకు డాన్సు నేర్పిండా?"

చాయ్ పోస్తున్నాయన గిన్నె దించి నా దిక్కే చూశాడు. "అవును సార్, నేర్పిండా?"