గుర్రపు దుప్పటి వాసనకు ఎన్ని మార్కులు?

బీరు తాగడానికి చదువు అక్కర్లేదు. బీరు గురించి మాట్లాడడానికి మాత్రం ఇప్పుడు ఎంట్రన్స్ పరీక్ష ఉంది. వెటకారం కాదు, నిజంగానే ఉంది. అమెరికాలో 1985లో బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అని ఒకటి పుట్టింది. ముందు ఆన్‌లైన్‌లో ప్రవేశ పరీక్ష. అది గట్టెక్కినవాళ్లకు రుచి పరీక్ష: 90 నిమిషాలు, ఆరు బీర్లు, ఒక్కోదానికి ఒక్కో స్కోర్‌షీట్. నెగ్గినవాళ్లకు రికగ్నైజ్డ్, సర్టిఫైడ్, నేషనల్, మాస్టర్ అంటూ మెట్టు మెట్టుకూ ఒక హోదా. ఆ పైన గ్రాండ్ మాస్టర్. అదీ చాలనివాళ్లకు సిసెరోన్ అని ఇంకో సర్టిఫికెట్, దానికి మళ్లీ నాలుగు అంచెలు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టే జాతికి ఇంత మంచి పోటీ పరీక్ష ఇన్నాళ్లూ కంటపడకపోవడమే వింత. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డు ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాను.

స్కోర్‌షీట్ యాభై మార్కులకు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఎలా ఆనుతుందో దానికి 5. మిగిలిన పదీ ‘మొత్తమ్మీద ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు. మామూలుగా బీరు తాగేవాడు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే, దానికి అయిదో వంతు మార్కులు విదిల్చారు. 45కి చేరితే అవుట్‌స్టాండింగ్. 38 వస్తే ఎక్సలెంట్, 37 దగ్గర ఆగితే వెరీ గుడ్. ఆ ఒక్క మార్కూ నాలుక మీద ఏ మూల దొరుకుతుందో గ్రాండ్ మాస్టరే చెప్పాలి. ఎంత పాడు బీరైనా 13కి తగ్గకుండా వేయడం మర్యాదట. ఈ మర్యాద మన టెన్త్ పేపర్లు దిద్దే చోట ఉండి ఉంటే ఎన్ని ఇళ్లలో వీపులు మిగిలేవో.

మార్కులతో పేచీ లేదు, సిలబస్‌తోనే. 2021 నాటి పుస్తకంలో 34 విభాగాలు, వందకు పైగా స్టైళ్లు ఉన్నాయి. జడ్జి చూడాల్సింది బీరు బాగుందా లేదా అని కాదు, ఏ స్టైలు పేరుతో వచ్చిందో ఆ స్టైలుకు తగ్గట్టు ఉందా అని. జర్మన్ల గోధుమ బీరు హెఫెవైజెన్‌లో అరటిపండు వాసన, లవంగం ఘాటు ఉండి తీరాలి. అదే అరటిపండు లాగర్‌లో తగిలితే తప్పు. వెన్న వాసన మామూలు లాగర్‌లో నేరం, చెక్ లాగర్‌లో కొంచెమైతే సంప్రదాయం. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) మసకగా ఉంటే ఒకప్పుడు మార్కులు పోయేవి. అమెరికాలో వెర్మాంట్ వైపు నుంచి మసక ఐపీఏలు వచ్చి జనం వాటికి ఎగబడ్డాక ఆ మసకే గుణమైంది, హేజీ ఐపీఏ అని విడిగా గది కూడా కేటాయించారు. కాబట్టి మీ గ్లాసులో ఉన్నది తప్పో ఒప్పో తెలియాలంటే నోట్లో పోసుకుని లాభం లేదు. సీసా మీద ఏం రాశారో చదవాలి, పుస్తకం ఏ ఏడాదిదో కూడా చూసుకోవాలి.

ఈ స్టైళ్లేమీ వేదకాలం నాటివి కావు. 1977లో మైఖేల్ జాక్సన్ అనే ఇంగ్లిష్ జర్నలిస్టు (పాటలాయన కాదు, ఈయన గ్లాసు పట్టుకున్నాయన) ప్రపంచంలోని బీర్ల మీద పెద్ద పుస్తకం రాస్తూ, పాఠకుడికి దారి తెలియాలని వాటిని కుటుంబాలుగా విడదీశాడు. మంచి పనే. ఆయన సౌకర్యం కోసం చెప్పినదాన్ని వెనకొచ్చినవాళ్లు శాసనం చేసి కూర్చున్నారు. అసలు ఈ లెక్కన చూస్తే ఇవాళ ప్రపంచమంతా తాగుతున్న పసిడిరంగు బీరు పుట్టి ఉండేదే కాదు. బొహీమియాలో పిల్సెన్ అనే ఊళ్లో 1830ల చివర బీరు ఎంత దరిద్రంగా ఉండేదంటే, పీపాలకు పీపాలు టౌన్‌హాల్ ముందు పారబోశారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్కోర్‌షీట్ లేకుండానే మూల్యాంకనం పూర్తయిందన్నమాట. తర్వాత ఊరివాళ్లే సొంతంగా బ్రూవరీ కట్టుకుని బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనేవాణ్ని పిలిపించుకున్నారు. 1842లో అతను కాచిన బీరే పిల్స్‌నర్. ఆ రోజు ఆ బల్ల దగ్గర మన జడ్జిగారు ఉండి ఉంటే ఏం రాసేవారు? “రంగు స్టైలుకు మించి తేలిక. చేదు స్టైలుకు మించి ఎక్కువ. ఇంకా కృషి అవసరం. 21.”

మన దగ్గరికి వద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు చేసింది. ఆ తర్వాత జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు అద్దాల వెనక రాగిరంగు ట్యాంకులు వెలిశాయి. తాజా బీరు దొరుకుతోంది, సంతోషం. దాంతోపాటు చెక్కపలక మీద నాలుగు చిట్టి గ్లాసులు కూడా వచ్చాయి, ఒక్కో గ్లాసుకూ ఒక్కో ప్రవచనం. మా బావమరిది సియాటిల్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చినవాడు. మొదటి గ్లాసును లైటుకు అడ్డంగా పట్టి చూశాడు, గుండ్రంగా తిప్పాడు, ముక్కు లోపలికి దూర్చి కళ్లు మూసుకున్నాడు. మొక్కు తీర్చుకుంటున్నాడేమో, కదిలించకూడదని ఊరుకున్నాను.

“బావా, బనానా ఎస్టర్స్ తెలుస్తున్నాయా?”

“ఏ అరటిపండురా? చక్కెరకేళా, అమృతపాణా, కర్పూరమా?”

వాడు నావైపు జాలిగా చూశాడు. “బనానా బావా. జనరల్ బనానా.”

రావులపాలెం మార్కెట్‌కు వెళ్లి ‘జనరల్ అరటి ఒక గెల ఇవ్వండి’ అని అడగండి, ఏమంటారో వినండి. ఆ వాసన నిజమే. గోధుమ బీరు ఈస్టు పులిసేటప్పుడు ఐసోఎమైల్ ఎసిటేట్ అనే పదార్థం పుడుతుంది, అదే ఆ పరిమళం. నా అనుమానమల్లా మావాడు పసిగట్టింది గ్లాసులో వాసననా, మెనూ కార్డులో అక్షరాన్నా అని. ఎందుకంటే అప్పటికే వాడు మంచింగ్‌కి వచ్చిన చికెన్ 65 సగం ప్లేటు లాగించి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం దట్టించిన పల్లీ మసాలాలో చెంచా తిప్పుతున్నాడు. పోటీల్లో జడ్జిలు గ్లాసుకూ గ్లాసుకూ మధ్య చప్పిడి బిస్కెట్టు ముక్క కొరికి మంచినీళ్లు తాగుతారు. మనవాడు అల్లంవెల్లుల్లి ముద్ద మింగి “గ్రేప్‌ఫ్రూట్ నోట్స్, కొంచెం పైన్” అంటాడు. పైన్ చెట్టును ఎక్కడ వాసన చూశావురా అంటే ఫ్లోర్ క్లీనర్‌లో అంటాడు. అక్కడ మాత్రం నిజాయితీగానే ఉన్నాడు.

ఈ మాటలన్నీ ఎక్కడివో తెలిస్తే మరీ తమాషాగా ఉంటుంది. ఇవి ఫ్యాక్టరీ మాటలు. మోర్టెన్ మైల్‌గార్డ్ అనే డేనిష్ రసాయన శాస్త్రవేత్త 1970లలో బీరు రుచులను, వాసనలను ఒక చక్రంలో అమర్చాడు. బ్రూవరీ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు అందరిదీ ఒకే భాష కావాలని. ఉడికిన క్యాబేజీ వాసన వస్తే కాచేటప్పుడు మరుగు చాలలేదనో, చల్లార్చడం ఆలస్యమైందనో అర్థం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి సోకింది, సరుకు పాతబడింది. వెన్న వాసన వస్తే ఈస్టును తొందరపడి తీసేశారు, లేదా పైపులు కడగలేదు. చెమట సాక్సు వాసనైతే, బీరుకు చేదునిచ్చే హాప్స్ పాతవి. ఈ పని తెలిసినవాడంటే నాకు గౌరవం. ఆ ముక్కు మీద ఒక ట్యాంకు బీరు భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అతను వాసన చూసేది తప్పు పట్టుకుని దిద్దడానికి. మన శనివారం పండితుడు చూసేది పక్క టేబుల్‌కు వినపడడానికి.

లేకపోతే ‘స్కంకీ’ అనే మాట గచ్చిబౌలిలో ఎందుకు వినిపించాలి? ఎండ పడితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి గబ్బు కొడతాయి. గోధుమరంగు సీసా వాడేది అందుకే, ఆకుపచ్చ సీసాకు ఆ రక్షణ తక్కువ. అక్కడివరకూ సరే. స్కంక్ అమెరికా ఖండాల జంతువు, మన అడవుల్లో లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రాణి మొహం చూడనివాడు దాని వాసనను గుర్తుపట్టేస్తున్నాడు! కొన్ని హాప్స్‌కు పిల్లి ఉచ్చ వాసన ఉంటుందంటారు, అది మన వీధుల్లో దొరికే పరిజ్ఞానమే కాబట్టి ఒప్పుకోవచ్చు. అన్నిటికంటే గొప్పది గుర్రపు దుప్పటి. బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు పనిచేసిన బీర్లకు ఆ వాసన వస్తుందని పుస్తకాల మాట. గుర్రాన్ని బరాత్‌లో తప్ప చూడనివాడు, అది కప్పుకున్న దుప్పటిని ముక్కుతో పోల్చుకుని “లవ్లీ ఫంక్” అని తలాడిస్తాడు.

ఆ గుర్రపు దుప్పటి బీరు బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే ల్యాంబిక్. దానికి ఎవరూ ఈస్టు కలపరు, గాలిలోనూ పీపాల్లోనూ ఉన్నదే చేరి పులియబెడుతుంది. మన కల్లు కుండలో జరిగేదీ దాదాపు అదే. కాకపోతే కల్లు తాగేవాడు తాటాకు దొప్ప పట్టుకుని “పొద్దుటిదేనా?” అని ఒక్క ప్రశ్న వేస్తాడు, గౌడన్న ఒక్క మాట చెబుతాడు, బేరం అయిపోతుంది. ఈ చెక్కపలక, చిట్టి గ్లాసులు ఈత వనాల దాకా రాకుండా ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

చేదుకు కూడా అంకె ఉంది, ఐబీయూ. లీటరు బీరులో హాప్స్ నుంచి దిగిన చేదు పదార్థం ఇన్ని మిల్లీగ్రాములు అని కొలత. గోడ మీద సుద్దముక్కతో 65 అని రాస్తారు, దాన్ని చూసి కుర్రాళ్లు మీసం దువ్వుతారు. తీపి ఎక్కువున్న నల్ల స్టౌట్‌లో 60 ఉన్నా నోటికి తెలియదు, పల్చటి పిల్స్‌నర్‌లో 40 ఉన్నా నాలుక పట్టేస్తుంది. డెన్మార్క్ కంపెనీ మికెల్లర్ ఏకంగా 1000 ఐబీయూ అని పేరు పెట్టి బీరు అమ్మింది. వంద దాటాక మనిషి నాలుకకు తేడా తెలియదని బ్రూవర్లే అంటారు. మిగతా తొమ్మిది వందలూ ఫొటో కోసం. ఇంట్లో కాకరకాయ వేపుడు పెడితే కంచం పక్కకు నెట్టేసేవాడే ఇక్కడ “కాంప్లెక్స్ బిటర్‌నెస్” అని లొట్టలేస్తున్నాడు. వాళ్లమ్మ వింటే ఏమంటుందో ఊహించుకోండి.

ఆ చేదుకో పురాణం. సర్వర్ కుర్రాడు ఐపీఏ గ్లాసు పెడుతూ, ఓడలో ఇండియా వచ్చేలోగా బీరు పాడైపోకుండా తెల్లవాళ్లు హాప్స్ ఎక్కువేసి దీన్ని కనిపెట్టారని వినమ్రంగా చెబుతాడు. కనిపెట్టిందేమీ లేదు. హాప్స్ దట్టించిన పేల్ ఏల్ అప్పటికే ఇంగ్లండ్‌లో ఉంది. లండన్‌లో హాడ్జ్‌సన్ అనే వ్యాపారి బ్రూవరీ ఓడలు ఆగే రేవుకు దగ్గర, పైగా కెప్టెన్లకు నెలల తరబడి అప్పిచ్చేవాడు. సరుకు అందుకే ఎక్కింది. నల్లటి పోర్టర్ కూడా అవే ఓడల్లో సిపాయిల కోసం దండిగా వచ్చింది, క్షేమంగానే దిగింది. ఖాతా పుస్తకం మహిమను హాప్స్ ఖాతాలో రాశారు.

ఇంకో శాస్త్రం చూడండి. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు. బీరు జడ్జిలు మింగుతారు. ఎందుకయ్యా అంటే చేదు నాలుక వెనక భాగానికే తెలుస్తుంది కాబట్టి మింగక తప్పదని ఏళ్ల తరబడి చెప్పారు. నాలుక ముందు తీపి, వెనక చేదు అనే ఆ పటం తప్పని, అన్ని రుచులూ నాలుక అంతటా తెలుస్తాయని ఎప్పుడో తేలింది. పటం పోయింది, మింగడం పోలేదు. గొంతు దిగాక ముక్కులోకి వచ్చే వాసన కోసమని ఇప్పుడు కొత్త కారణం. ఈ కారణంలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. అయితే ఏ కారణం కూలినా బీరు మాత్రం గొంతులోకే పోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

నాలుక ఇంత నమ్మకస్తురాలా అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఎంఐటీ దగ్గరి పబ్బుల్లో బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. ఆ ఫలితం 2006లో అచ్చయింది. సంగతి చెప్పకుండా ఇస్తే చాలామందికి వెనిగర్ బీరే నచ్చింది. తాగాక చెప్పినా అభిప్రాయం పెద్దగా మారలేదు. తాగకముందే చెబితే మాత్రం మొహం చిట్లించారు. అంటే చెవిలో ఏం పోశామో నోటికి అదే తగిలింది. యూరప్ లాగర్లు మూడింటిని లేబుళ్లు దాచి ఇచ్చిన ఇంకో పరీక్షలో వాటికీ వీటికీ తేడా చాలామట్టుకు దొరకనే లేదు. వైన్‌షాపు ముందు నిలబడి “కూలింగ్ ఉందా అన్నా?” అని తప్ప మరో ప్రశ్న అడగని మనవాడు వీళ్లందరికంటే తెలివైనవాడని నా ఉద్దేశం. బాగా చల్లబడితే రుచులు ఎటూ మూగబోతాయి. అక్కడ దొరికే లాగర్‌కు అదే మేలు.

పండితుల పాండిత్యం తేల్చుకోవాలంటే వాళ్ల ఇంటి ఆయుధమే ఉంది. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీవాళ్లు 1940లలో వాడిన పద్ధతి. మూడు గ్లాసులు తీసుకోండి. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. రంగు తెలియకుండా స్టీలు గ్లాసులైతే మేలు. స్టైలు చెప్పక్కర్లేదు, ఎస్టర్లు వద్దు, గుర్రం అసలే వద్దు. ఆ వేరేది ఏదో వేలు పెట్టి చూపిస్తే చాలు. గుడ్డిగా చూపించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి నాలుగైదు సార్లు చేయించండి. ఓడితే బల్ల మీది బిల్లు మొత్తం తనదే అని ముందే మాట తీసుకోండి. ఈ షరతు చెవిన పడ్డాక కూడా ఉన్నట్టుండి జలుబు చేయని నిపుణుడు ఇంతవరకు నాకైతే తగల్లేదు.